విడదీసి, మోసి, మళ్ళీ కూర్చి: హాలియా పరిసరాల్లో భారీ యంత్రాల రవాణా చరిత్ర

వ్యాససంగ్రహం

దక్షిణ తెలంగాణ పీఠభూమికి సముద్రతీరం లేదు. ఇక్కడ కట్టిన ఆనకట్టకైనా, వేసిన రహదారికైనా, తవ్విన సొరంగానికైనా అవసరమైన భారీ యంత్రాలు ఏదో ఒక రేవు నుంచి నేలమీదుగా రావలసినవే. నల్లగొండ జిల్లా హాలియా పరిసరాలను కేంద్రంగా తీసుకొని, ఈ యంత్రాల రాకను చరిత్రగా చదివే ప్రయత్నం ఈ వ్యాసం. గోలకొండ నాటి బాటలు, వడ్డెరల బండ్లు, నాగార్జునసాగర్ నిర్మాణం, రహదారి యంత్రాలు, శ్రీశైలం ఎడమగట్టు సొరంగం అనే అయిదు సందర్భాలను పరిశీలించి, ఏది ఎలా కట్టాలన్న నిర్ణయంలో దారి మోయగల బరువుకు ఉన్న పాత్రను ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: హాలియా, నాగార్జునసాగర్, వడ్డెరలు, పాలమూరు కూలీలు, పొక్లెయిను, ట్రైలరు, సొరంగ యంత్రం, ఎస్ఎల్‌బీసీ.

1. ఉపోద్ఘాతం

నల్లగొండ జిల్లా అనుముల మండల కేంద్రం హాలియా. కృష్ణకు ఉపనది అయిన హాలియా వాగు పేరే ఊరికీ ఉంది. నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టు వల్ల ఈ ప్రాంతం వరిపొలాలకు పేరుపొందింది. నకిరేకల్లు దగ్గర మొదలై నల్లగొండ, హాలియా, సాగర్, మాచర్ల, కనిగిరి మీదుగా తిరుపతి సమీపంలోని ఏర్పేడు వరకు సాగే 565వ నెంబరు జాతీయ రహదారి ఈ ఊరిగుండానే వెళుతుంది. తెలంగాణ పీఠభూమిని దక్షిణాది రేవుల దిశగా కలిపే దారుల్లో ఇది ఒకటి.

ప్రాజెక్టుల చరిత్ర రాసేటప్పుడు శంకుస్థాపనలు, అంచనా వ్యయాలు, ఆయకట్టు లెక్కలు ముందుకు వస్తాయి. పనిచోటికి యంత్రం ఎలా చేరిందన్న ప్రశ్న వెనుకబడుతుంది. ‘యంత్రసామగ్రిని తరలించారు’ అనే ఒక్క వాక్యంలో ఆ ప్రయాణమంతా ముగిసిపోతుంది. ఆ వాక్యం లోపల ఏముందో విప్పి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రేవు లేని నేల

గోలకొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధాన రేవు. 17వ శతాబ్దిలో ఈ మార్గాలను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోలకొండ, మచిలీపట్నాల మధ్య పెద్ద బండ్లు నడవవని నమోదు చేశాడు. కొండలు, చెరువులు, నదులు అడ్డుపడటం అందుకు కారణంగా చెప్పాడు. చిన్న బండిని తీసుకెళ్ళడమే కష్టమని, అడ్డంకులున్న చోట దాన్ని విడదీయవలసి వచ్చేదని ఆయన రాతలవల్ల తెలుస్తున్నది. సరుకుల రవాణాకు ఎద్దుల మీది పెరికెలే ప్రధాన ఆధారం. ఒక ఎద్దు వీపు మోయగలిగినంతే ఒక సరుకు పరిమాణం. అంతకంటే పెద్దది రావాలంటే దాన్ని ముక్కలు చెయ్యాలి.

18వ శతాబ్ది రెండో సగంలో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళాక నిజాం రాజ్యానికి తీరం లేకుండా పోయింది. అప్పటినుంచి హైదరాబాదు రాజ్యంలోకి వచ్చే ప్రతి విదేశీ యంత్రమూ పరాయి పాలనలోని రేవులో దిగి, ఆ సరిహద్దు దాటి రావలసిందే. సొంత రేవు కోసం నిజాం ప్రభుత్వం 1948 వరకూ చేసిన ఆలోచనలకు ఇదొక నేపథ్యం. మచిలీపట్నం దారి నేడు 65వ నెంబరు జాతీయ రహదారిలో భాగం. దానినుంచి నకిరేకల్లు దగ్గర చీలిన కొమ్మ మీదనే హాలియా ఉన్నది.

3. బరువు ఒక వృత్తి: వడ్డెరల బండ్లు

యంత్రాలకు ముందు కూడా ఈ నేలమీద పెద్ద బరువులు కదిలాయి. కోటగోడల రాళ్ళు, చెరువు తూముల బండలు, గుడి స్తంభాలు వాటంతటవి రాలేదు. ఆ పని చేసిన సమూహాల్లో వడ్డెరలు ముఖ్యులు. వారిలోని విభాగాల పేర్లు చేసే పనిని బట్టి ఏర్పడ్డాయి. రాతిపని చేసేవారు రాతి వడ్డెరలు, మట్టిపని చేసేవారు మన్ను వడ్డెరలు, బండ్లమీద రాయి తోలేవారు బండి వడ్డెరలు. బరువును తరలించడం ఒక ప్రత్యేక నైపుణ్యంగా, ఒక సమూహానికి గుర్తింపుగా నిలిచిందనడానికి మూడో పేరే సాక్ష్యం.

రాయి తోలే బండికీ ధాన్యం తోలే బండికీ అవసరాలు వేరు. రాతిబండి నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. బండను ఎక్కువ ఎత్తుకు లేపే పని తప్పుతుంది, దారిలో ఒరిగే ప్రమాదమూ తగ్గుతుంది. నేడు భారీ యంత్రాలను మోసే ‘లోబెడ్’ ట్రైలరు సూత్రం కూడా ఇదే. ఆ ట్రైలరు పలకను నేలకు వీలైనంత దగ్గరగా దించుతారు. వెనుక వాలుపలకల మీదుగా యంత్రాన్ని ఎక్కిస్తారు. బరువును చాలా చక్రాలకు పంచుతారు. ఉపకరణం మారింది గానీ ఎదుర్కొన్న చిక్కు పాతదే.

4. సాగర్: యంత్రానికి బదులు మనిషి

1955 డిసెంబరు 10న నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటికి కృష్ణకు ఎడమగట్టు హైదరాబాదు రాష్ట్రం, కుడిగట్టు ఆంధ్ర రాష్ట్రం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. సుమారు 124 మీటర్ల ఎత్తున్న ఈ కట్టడం ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టల్లో ముందు నిలుస్తుంది.

కాంక్రీటు బదులు రాతికట్టుబడిని ఎంచుకోవడానికి కారణాలు ప్రసిద్ధమే. రాయి దగ్గరలో దొరుకుతుంది. సిమెంటు, విదేశీ మారకద్రవ్యం ఆదా అవుతాయి. వేలమందికి పని దొరుకుతుంది. వీటితోపాటు దారుల స్థితినీ గమనించాలి. గుంటూరు నుంచి మాచర్లకు 1930 నాటి రైలుమార్గం ఉన్నా, అది మీటరు గేజి. విశాఖ వంటి రేవుల నుంచి బ్రాడ్ గేజి మీద వచ్చిన బరువును మధ్యలో దించి, చిన్న వాగన్లలోకి మార్చాలి. ఎడమగట్టు వైపు ఆ సౌకర్యమూ లేదు. నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా బీబీనగర్–నడికుడి రైలుమార్గం పూర్తయింది 1989లో, అంటే సాగర్ కాలువలు పారిన రెండు దశాబ్దాల తర్వాత. దారి కొరత ఒక్కటే ఆ ఎంపికను నిర్ణయించిందని చెప్పడం అతిశయోక్తి. అయితే యంత్రాలమీద ఆధారపడిన పద్ధతిని ఎంచుకొని ఉంటే, ఆ కొరతే మొదటి అడ్డంకి అయ్యేది.

యంత్రం చేయవలసిన ఎత్తిపోతను మనుషులు చేశారు. ఆనకట్ట పొడవునా కట్టిన పరంజాల మీద, తట్టలతో, కావడి కర్రలతో రాయినీ సున్నపు సిమెంటునూ పైకి చేర్చిన దృశ్యాలు నాటి ఛాయాచిత్రాల్లో కనిపిస్తాయి. వీరిలో పాలమూరు కూలీలు గణనీయం. మహబూబ్‌నగర్ జిల్లానుంచి గుంపులుగా వలసవెళ్ళి దేశంలోని ఎన్నో ఆనకట్టల దగ్గర పనిచేసిన ఈ శ్రామికులవల్ల ‘పాలమూరు లేబరు’ అన్నది ఒక పారిభాషికపదం స్థాయికి చేరింది. యంత్రం దారి వెతుక్కుంటూ రావాలి. కూలీ తన దారిలో తానే నడిచి వస్తాడు. కాంట్రాక్టు వ్యవస్థకు ఆ తేడా ఎంతో లాభసాటి అయింది.

ఇదే కాలంలో సాగర్ లోయలో మరొక భారీ తరలింపు జరిగింది. మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన భారత పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపింది. ఎంపిక చేసిన ప్రాచీన కట్టడాలను విప్పి, కొండమీదికీ, అనుపు వద్దకూ చేర్చి, తిరిగి నిలబెట్టారు. ఇక్ష్వాకుల నాటి కట్టడమైనా కొత్తచోటికి చేరాలంటే విడదీసి, మోసి, మళ్ళీ కూర్చడమే మార్గం. టావెర్నియే బండి నాటి సూత్రం ఇక్కడ శాస్త్రీయ పద్ధతిగా పునరావృతమైంది.

ఆనకట్ట తర్వాత వచ్చిన జలవిద్యుత్ కేంద్రంలో ఆ వెసులుబాటు లేదు. 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడు 1978–1985 మధ్య ఇక్కడ పనిలోకి వచ్చాయి. నీటితో విద్యుత్తు తీయడమే కాక, అవసరమైనప్పుడు నీటిని తిరిగి జలాశయంలోకి తోడగల యంత్రాలివి. టర్బైను చక్రాన్నీ ట్రాన్స్‌ఫార్మరునూ తట్టలతో మోయలేరు. మనిషి యంత్రానికి ప్రత్యామ్నాయం కాగలిగిన దశ ఇక్కడ ముగిసింది.

5. రోలరు నుంచి పొక్లెయిను దాకా

రహదారి యంత్రాల చరిత్రలో ఒక విచిత్రమైన తలకిందులు ఉంది. తొలినాటి రోడ్డురోలరు తన చక్రాలమీద తానే పనిచోటికి వెళ్ళేది. మొదట ఆవిరితో, తర్వాత డీజిలుతో నడిచిన ఎనిమిది, పది టన్నుల రోలరు మనిషి నడకకు కాస్త అటూఇటూ వేగంతో ఊరినుంచి ఊరికి సాగేది. పని అయినా, ప్రయాణమైనా దానికి ఒకటే నడక.

గొలుసుచక్రాల బుల్డోజర్లు, తవ్వుడు యంత్రాలు వచ్చాక ఇది మారిపోయింది. గొలుసు చక్రం బురదలో, రాతిలో, వాలులో బలమైనది. డాంబరు మీద నడిస్తే మాత్రం రోడ్డునే చీరేస్తుంది. ఫలితంగా రోడ్డు వేసే యంత్రమే రోడ్డుమీద నడవరానిదైంది. దాన్ని మోయడానికి మరొక వాహనం, ఆ వాహనాన్ని నడిపే మరొక వృత్తి అవసరమయ్యాయి.

ఈ మార్పును తెలుగు పదజాలం చక్కగా పట్టుకొన్నది. ఫ్రాన్సులోని ‘పొక్లెయిన్’ సంస్థ హైడ్రాలిక్ తవ్వుడు యంత్రాలను 1970లలో లార్సెన్ అండ్ టూబ్రో మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ సంస్థ పేరే తెలుగునాట గొలుసుచక్రాల తవ్వుడు యంత్రాలన్నిటికీ జాతివాచకమైంది. జనం నోట ‘ప్రొక్లైను’, ‘పొక్లేను’గా అది రూపుమార్చుకొన్నది. ఏ కంపెనీ యంత్రమైనా పొక్లెయినే. అలాగే ఇంగ్లండులో 1945లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ స్థాపించిన సంస్థ పేరులోని పొడి అక్షరాలు ‘జేసీబీ’గా మారి, టైర్లమీద నడిచే తవ్వుడు బండికి పేరయ్యాయి. మన దేశంలో ఆ యంత్రాల తయారీ 1979లో మొదలైంది.

ఈ రెండు పదాల మధ్య ప్రజలు పాటించే భేదం గమనార్హం. జేసీబీ తనంతట తానే రోడ్డుమీద వస్తుంది. పొక్లెయినును ట్రైలరు మీద తేవాలి. పొలం చదునుకు, బావి పూడికకు జేసీబీని గంటల లెక్కన పిలుస్తారు. పొక్లెయినును రప్పించాలంటే రానుపోను ట్రైలరు కిరాయిని కూడా లెక్కలో వేసుకోవాలి. సాంకేతిక గ్రంథాలు బకెట్ సామర్థ్యాన్నిబట్టి చేసే వర్గీకరణను, జనవ్యవహారం రవాణా పద్ధతినిబట్టి చేసుకొన్నదన్నమాట.

6. దారి కొలత, యంత్రం కొలత

మోటారు వాహనాల నియమావళి ప్రకారం రోడ్డుమీద నడిచే వాహనం వెడల్పు 2.6 మీటర్లు మించరాదు. 20 టన్నుల తరగతి పొక్లెయిను వెడల్పు దాదాపు 3 మీటర్లు. అంటే రోడ్డుపనుల్లో నిత్యం కనిపించే యంత్రం కూడా కొలత మించిన సరుకే. రవాణా వృత్తిలో దీన్నే ‘ఓడీసీ’ లోడు అంటారు. దీనికి ప్రత్యేక అనుమతి, ఎర్రజెండాలు, దీపాలు, అవసరాన్నిబట్టి ముందు వెనుక తోడు వాహనాలు కావాలి.

ఒక వరుస రోడ్డు ప్రామాణిక వెడల్పు 3.75 మీటర్లు, రెండు వరుసలది 7 మీటర్లు. హాలియా చుట్టుపక్కల గ్రామాలను కలిపే దారుల్లో మొదటి రకం ఎన్నో ఉన్నాయి. అటువంటి దారిలో 3 మీటర్ల యంత్రం వస్తున్నదంటే ఎదురుగా వచ్చే ఎడ్లబండి నుంచి ఆర్టీసీ బస్సు దాకా అన్నీ అంచు దిగవలసిందే. వరికోతల కాలంలో రోడ్డంచున ధాన్యం ఆరబోసి ఉంటే ఆ అంచు కూడా ఉండదు.

వెడల్పు కంటికి కనిపిస్తుంది. బరువు వంతెన దగ్గరగాని తెలియదు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల రూపకల్పనకు ప్రామాణిక భారాలను నిర్ణయించింది. వాటిలో ‘70ఆర్’ అనే తరగతి గొలుసుచక్రాల వాహనానికి 70 టన్నులు, టైర్ల వాహనానికి గరిష్ఠంగా 100 టన్నులు లెక్కగా తీసుకొంటుంది. ఈ తరగతి భారాల వెనుక సైనిక వాహనాల కొలతలున్నాయి. భారీ లోడు మోసే ట్రైలరు అంతకుమించిన మొత్తం బరువుతో వస్తే, దానిని ఎక్కువ ఇరుసుల మీద పంచడమే ఉపాయం. హైడ్రాలిక్ ఇరుసుల ట్రైలరులో ప్రతి వరుసా ఎత్తుపల్లాలకు తగ్గట్టు లేచి దిగుతూ బరువును సమంగా ఉంచుతుంది. వంతెనమీద ఇతర వాహనాలను ఆపి, నడిమధ్యగా, బ్రేకు వేయకుండా, మనిషి నడక వేగంతో దాటించాలన్నది సాధారణ నిబంధన. కృష్ణకూ దాని ఉపనదులకూ మధ్యనున్న ఈ ప్రాంతంలో ఏ దారి పట్టినా వంతెనలు తప్పవు కనుక, ప్రయాణపథాన్ని నిర్ణయించేది దూరం కన్నా ముందు వంతెనల బలమే.

ఈ ప్రయాణంలో డ్రైవరు ఒక్కడే కాదు. ఒక సహాయకుడు వెనుక చక్రాల తీరు చూస్తాడు. మరొకడు కొనకు కొయ్య కట్టిన వెదురుగడతో కరెంటు తీగలను ఎత్తిపడతాడు. మూలమలుపులో అంగుళాల లెక్కన దారి చూపేవాడు ఇంకొకడు. లైసెన్సు, పర్మిటు కాగితాల్లో వాహనం నెంబరు ఉంటుంది, సరుకు బరువు ఉంటుంది. గడ పట్టుకొన్నవాడి పేరు మాత్రం ఉండదు.

7. సొరంగ యంత్రం చేరిన దారి

ఈ చరిత్రలో అత్యంత కీలకమైన ఘట్టం శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. శ్రీశైలం జలాశయంనుంచి 30 టీఎంసీల కృష్ణాజలాలను ఫ్లోరైడు పీడిత నల్లగొండ మెట్టప్రాంతాలకు గురుత్వాకర్షణతోనే తేవాలన్నది ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులోని ఈ భాగం ఆశయం. అది ఆలస్యం కావడంతో సాగర్ వెనుకజలాలను పుట్టంగండి వద్ద ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి చేర్చే ఏర్పాటు ముందుగా అమలైంది. 2004 నుంచి హైదరాబాదుకు కృష్ణా తాగునీరు వెళుతున్నది కూడా ఈ మార్గాననే.

సొరంగం పొడవు సుమారు 44 కిలోమీటర్లు. ఒక కొస నల్లమలలోని దోమలపెంట, రెండో కొస దేవరకొండ ప్రాంతంలోని మన్నెవారిపల్లి. ఇంత పొడవైన సొరంగానికి సాధారణంగా మధ్యమధ్య పక్కదారులు తవ్వి, అనేకచోట్ల ఒకేసారి పని సాగిస్తారు. పైన ఉన్నది అమ్రాబాద్ అభయారణ్యం. అడవిని తవ్వరాదు కనుక రెండు కొసలనుంచే రావాలి. పేలుళ్ళతో అంత దూరం వెళ్ళడం దీర్ఘకాలం పట్టే పని. అందువల్ల 2005లో జయప్రకాశ్ అసోసియేట్స్‌తో కుదిరిన ఒప్పందం కింద, అమెరికాకు చెందిన రాబిన్స్ సంస్థ రూపొందించిన 10 మీటర్ల వ్యాసం గల రెండు సొరంగ యంత్రాలను తెప్పించారు. సాగర్‌లో దొరికిన ప్రత్యామ్నాయం ఇక్కడ లేదు. యంత్రం వస్తేనే పని.

10 మీటర్ల వ్యాసమంటే మూడంతస్తుల మేడ ఎత్తు. ఏ రోడ్డూ దాన్ని ఉన్నదున్నట్టు మోయలేదు. మామూలుగా ఇటువంటి యంత్రాన్ని ఫ్యాక్టరీలో పూర్తిగా కూర్చి, పరీక్షించి, మళ్ళీ విప్పి ఓడకెక్కిస్తారు. ఇక్కడ ఆ పద్ధతిని పక్కనపెట్టి, భాగాలను నేరుగా పనిచోటికి పంపి, మొదటిసారి కూర్చడమే అక్కడ చేశారు. ఒకసారి కూర్చి విప్పే కాలమూ, కొంత రవాణా ఖర్చూ దీనితో తగ్గాయి. దారి చిక్కు యంత్ర నిర్మాణ పద్ధతినే మార్చిందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ ప్రాంతంలో మరొకటి లేదు.

దోమలపెంట వైపు దారికి మరొక ప్రత్యేకత ఉంది. హైదరాబాదు–శ్రీశైలం రహదారి మన్ననూరు తర్వాత పులుల అభయారణ్యంలోనికి ప్రవేశిస్తుంది. వన్యప్రాణుల రక్షణకోసం అక్కడ రాత్రిపూట రాకపోకలను నిషేధించారు. నగరంలో రద్దీవల్ల భారీ లోడు రాత్రి కదలాలి, అడవిలో మృగాలవల్ల పగలే కదలాలి. ఒకే ప్రయాణంలో రెండు కాలనియమాలు.

ఇంత శ్రమపడి తెచ్చిన యంత్రం లోపలికి వెళ్ళాక వెనక్కి రాదు. తాను తవ్విన సొరంగానికి వెనకే కాంక్రీటు తొడుగు పడుతుంది కనుక దాని వ్యాసం ఇక ఆ దారిలో పట్టదు. 2009 అక్టోబరు వరదల్లో దోమలపెంట వైపు నీరు ముంచెత్తింది. మన్నెవారిపల్లి వైపు ప్రధాన బేరింగు పాడై 2023 నుంచి పని నిలిచిపోయింది. కొత్త బేరింగు అమెరికాలో తయారై, సముద్రం దాటి, 2025 ఆరంభంలో చెన్నై రేవుకు చేరింది. ఒక విడిభాగం ఓడలో, రేవులో, రోడ్డుమీద గడిపే కాలమంతా ఇక్కడి బీడుభూములు ఎదురుచూసే కాలమే.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సుమారు 14వ కిలోమీటరు వద్ద పైకప్పు కూలింది. ఇంజనీర్లు, యంత్రచోదకులు, కూలీలు కలిపి ఎనిమిదిమంది చిక్కుకుపోయారు. రెండు నెలలకు పైగా సాగిన అన్వేషణలో ఇద్దరి మృతదేహాలే లభించాయి. బురదకూ రాళ్ళకూ తోడు, ఛిద్రమైన యంత్రపు ఉక్కు కూడా రక్షకులకు అడ్డమైంది. గ్యాసు కట్టర్లతో దాన్ని ముక్కలుగా కోసి, సొరంగంలోని చిన్నరైలు మీద బయటికి తరలించారు. ముక్కలుగా వచ్చి కూడిన యంత్రం ముక్కలుగానే వెలుపలికి వచ్చింది.

ఆ ఎనిమిదిమంది ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ ప్రాంతాలవారు. ఒకప్పుడు పాలమూరు కూలీ దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టాడు. ఇప్పుడు పాలమూరు కొండకింద సొరంగం తవ్వడానికి దూరదేశపు కూలీ వచ్చాడు. యంత్రం వచ్చినా వలస ఆగలేదు, దిశ మాత్రం మారింది. ‘యంత్రం మనిషిని ప్రమాదంనుంచి తప్పిస్తుంది’ అన్న సాధారణ భావనను ఈ ఘటన మళ్ళీ పరిశీలించమంటున్నది.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

• తీరం లేని ఈ పీఠభూమిలో నిర్మాణ పద్ధతుల ఎంపికను అర్థం చేసుకోవాలంటే, వ్యయంతో పాటు దారి మోయగల బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

• విడదీయడం, మోయడం, మళ్ళీ కూర్చడం అనే క్రమం టావెర్నియే చూసిన బండినుంచి నాగార్జునకొండ కట్టడాల మీదుగా సొరంగ యంత్రం వరకు కొనసాగింది.

• సాగర్‌లో యంత్రానికి బదులు మనిషి నిలిచాడు. సొరంగంలో యంత్రానికి బదులు లేదు. బదులు లేని యంత్రం ఆగితే, అది వచ్చిన సముద్రమార్గం పొడవంతా ఆలస్యంగా మారుతుంది.

• పొక్లెయిను, జేసీబీ వంటి పదాల వ్యవహార భేదం రవాణా చరిత్రకు భాషాపరమైన ఆధారం. ఇటువంటి వృత్తిపదాల సేకరణ నిఘంటువులకూ, చరిత్రకూ సమానంగా ఉపకరిస్తుంది.

సాగర్ ఎడమగట్టున పైలాన్ ఉంది, జలాశయం నడుమ కొండమీద ప్రదర్శనశాల ఉంది. రాయి తోలిన బండి వడ్డెరకూ, పరంజా ఎక్కిన పాలమూరు కూలీకీ, అర్ధరాత్రి ఊరి నడుమ తీగలెత్తి ట్రైలరును దాటించిన సహాయకుడికీ రాతపూర్వక చరిత్ర అతి స్వల్పం. వారిలో చివరి తరం వారి జ్ఞాపకాలు ఇంకా ఈ ఊళ్ళలోనే ఉన్నాయి. వాటిని మౌఖిక చరిత్రగా నమోదు చేయడం హాలియా, దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల కళాశాలల్లోని తెలుగు, చరిత్ర శాఖలు వెంటనే చేపట్టదగిన పని.